బెత్తం పోయింది, పంతం పోవాలి

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరగా, రాజుల కథలు కాక బడి బెత్తం కథ నాకు గుర్తుకొచ్చింది.

మా నాన్నగారి కాలపు వీధిబళ్లలో కోదండం ఉండేదట. దూలానికి కట్టిన తాడుతో పిల్లవాణ్ణి వేలాడదీసేవారు. మా కాలానికి బెత్తం, గోడకుర్చీ, గుంజీలు మిగిలాయి.

1960లో నేను నాలుగో తరగతి. నా పక్కన కూర్చునే కుర్రవాణ్ణి మాష్టారు చెయ్యి చాపమన్నారు. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నలభై మంది చూస్తుండగా ఆయన తగ్గలేకపోయారు, వాడూ తగ్గలేదు. ఆ మధ్యాహ్నం వెళ్లినవాడు మళ్లీ బడికి రాలేదు. చాలా ఏళ్ల తరువాత, నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకు దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. "నువ్వే చదివి చెప్పు" అన్నాడు. కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. ఆనాడు చేసిన తప్పేమిటో మా ఇద్దరిలో ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఈ పంతానికి విరుగుడు మన దేశంలోనే అంతకుముందే ఆలోచించిన మహనీయుడు గిజుభాయి బధేకా. వకీలు వృత్తి వదిలి, గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం ప్రారంభించారు. ఆయన వ్రాసిన 'దివాస్వప్న'లో ఒక కల్పిత ఉపాధ్యాయుడు నాలుగో తరగతికే వెళతాడు. మొదటి రోజు మౌనంగా ఉండే ఆట ఆడించబోతే పిల్లలు గోల చేస్తారు. ఆయన బెత్తం పట్టడు. తన పాచిక పారలేదని గ్రహించి ఆ రోజుకు సెలవిచ్చేస్తాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు. కథ వినాలంటే గోల ఆగాలి గదా! తరగతి దానంతటదే సర్దుకుంటుంది.

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహదండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది.

సర్వీసంతా జీవోలకు నకళ్లు తీసినవాణ్ణి గనుక చెబుతున్నాను. జీవో బెత్తాన్ని తీసివేయగలదు గాని పంతాన్ని తీసివేయలేదు. నలుగురిలో నిలదీయక పక్కకు పిలిచి అడగడం, "ఇప్పుడు కూర్చో నాయనా, బడి వదిలాక మాట్లాడుకుందాం" అనడం - పిల్లవాడు పరువు పోకుండా తగ్గేందుకు ఇంత దారి చాలు. మాష్టారికీ అదే దారి.

మా మాష్టారు చెడ్డవారు కారు. చెయ్యి చాపమన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆయనకెవరూ నేర్పలేదు. మన పిల్లల్లో, కోడళ్లలో ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వారికి ఈ నాలుగు ముక్కలూ చదివి వినిపించవలసిందిగా తోటి పెన్షనర్లకు నా మనవి.