35 దాటిన రోడ్డు మీద

మే నెల, పగలు పదకొండు. కర్నూలు దాటి నంద్యాల రోడ్డెక్కారు. ముందు అద్దానికి బిగించిన స్టాండులో ఫోను మ్యాపు చూపిస్తోంది, కింద చార్జింగు వైరు. ఏసీ గాలంతా మీ మీదికే. ఫోను వీపుకు మాత్రం అద్దంలోంచి నేరుగా ఎండ.

ఓర్వకల్లు దగ్గర గుర్తొస్తుంది, గని, శకునాల ఊళ్ల భూముల్లో 2017లో వచ్చిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. ఎండ ముదిరే కొద్దీ కరెంటు పెరుగుతుందనుకుంటాం. పలక మీద రాసిన వాట్లు మాత్రం అది 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. ఆపైన ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా రాబడి తగ్గుతుంది. ఎండ తిని బతికే వస్తువుకే ఈ ఎండ ఎక్కువ.

నంద్యాల దాటేసరికి మ్యాపు మసకబారింది. వెలుతురు పెంచే గీతను పైకి లాగుతారు, అది చివర్లోనే ఉంది. ఫోనే తగ్గించుకుంది. వైరు పెట్టే ఉంది, అయినా 62 శాతం 61 అయింది.

ఆళ్లగడ్డలో భోజనానికి ఆగి, ఫోను స్టాండులోనే వదిలి దిగారు. తిరిగొచ్చి డోరు తీస్తే లోపలి గాలి మొహాన కొట్టింది. అరిజోనాలో ఎండలో నిలిపిన కార్లను కొలిచి 2018లో లెక్క చెప్పారు: గంటలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డాష్‌బోర్డు 69. ఫోను తెర నల్లగా ఉంది. చల్లబడితేగానీ పనిచేయనంటూ రెండు ముక్కలు, ఒక థర్మామీటరు బొమ్మ.

పక్కన శిల్పాల షెడ్డులో నంది మూపురం చెక్కుతున్నాయన ఉలి ఆపాడు.

"ఏందన్నా, ఆగిపోయిందా?"

"వేడెక్కింది. హోటల్లో ఫ్రిజ్‌లో పెట్టిస్తే?"

"వద్దన్నా, లోపల చెమ్మ పడుతుంది. కవరు తీసి ఈడ పెట్టు."

ఆయన ఫోను నాపరాతి పలక కింద నీడలో ఉంది, రాతిపొడి పడకుండా గుడ్డ చుట్టి. మీదీ దాని పక్కన చేరింది.

ఐఫోను వాడుకకు ఆపిల్ పెట్టిన హద్దు 0 నుంచి 35 డిగ్రీలు. అది ఫోను వేడి కాదు, చుట్టూ గాలి వేడి. కర్నూలు, కడపల్లో మార్చిలోనే పగటి వేడి ఆ గీత దాటుతుంది. మేలో 43 అన్నా ఎవరూ తలెత్తి చూడరు. ఆ 43 కూడా వాతావరణ శాఖ నీడలో, గాలాడే చెక్కపెట్టెలో కొలిచింది. అంటే ఇక్కడ వేసవి మధ్యాహ్నం రోడ్డు మీద ఏ ఐఫోను తీసినా హద్దు మీరి వాడుతున్నట్టే. కొన్నవాళ్లలో ఆ హద్దు రాసిన కాగితం చదివినవాళ్లెవరు!

వేడిలో చార్జింగు ఆగిందంటే విసుగు పడతాం గానీ, బ్యాటరీని కాపాడేది ఆ ఆగడమే. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. చేస్తే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి, తర్వాతెప్పుడో సాయంత్రానికే చార్జి అయిపోవడం మొదలవుతుంది, ఒక్కోసారి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంది.

రెండు గ్లాసుల నన్నారి అయ్యేలోపు ఫోను మేలుకుంది. ఈసారి దాన్ని ఏసీ జాలీకి తగిలించి, వైరు పీకేశారు. చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు మీదుగా కడప చేరేదాకా మళ్లీ మొరాయించలేదు.

కడప పక్కనే కొప్పర్తిలో సీసీ కెమెరాలు తయారవుతున్నాయి. బయట గోడకు బిగించే కెమెరాలకు మామూలుగా 60 డిగ్రీల దాకా హద్దు ఉంటుంది. వాటి ధర మీ ఫోను ధరలో పదో వంతు కూడా ఉండదు.