నిప్పును చూసే కన్ను

అమ్మాయి పురిటికని ఓ జనవరిలో మిన్నియాపోలిస్ వెళ్లాం. మనవడికి పదకొండో రోజు. తెల్లవారుజామున మూడింటికి చలికి మెలకువ వచ్చింది. బయట మైనస్ 20 సెల్సియస్. గోడ మీది థర్మోస్టాట్‌లో పెట్టింది 68 ఫారన్‌హీట్, ఇంట్లో ఉన్నది 57. అల్లుడి వెనకాలే నేనూ బేస్‌మెంట్‌లోకి దిగాను.

ఫర్నేస్ పనిచేయడానికి ప్రయత్నిస్తూనే ఉంది. లోపల చిన్న ఫ్యాను తిరిగింది, ఇగ్నైటర్ ఎర్రగా కాలింది, గ్యాసు భగ్గున నీలంగా అంటుకుంది. ఐదారు సెకన్లు వెలిగి, టప్పున ఆరిపోయింది. మళ్లీ మొదటినుంచీ అంతా. మూడుసార్లు అలా చేసి ఊరుకుంది. లోపలి బోర్డు మీద ఓ చుక్కంత దీపం, కాసిని మినుకులు, కాసేపు విరామం, మళ్లీ అన్నే మినుకులు.

"వెలిగిన మంటను అదే ఎందుకు ఆర్పేసుకుంటోంది?" అన్నాను.

"వెలిగిందని దానికి తెలియట్లేదు మామయ్యగారూ."

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత చదివినకొద్దీ అర్థమైంది. ఇల్లు వెచ్చబెట్టే యంత్రం కథంతా నిప్పుకి కాపలా ఎవరుండాలన్న దాని చుట్టూనే తిరిగింది.

మన ఇళ్లలో ఆ కాపలా అమ్మమ్మది. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, పడుకోబోయే ముందు నిప్పుల మీద బూడిద కప్పేది. పొద్దున విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరితే నివురు ఎగిరి, కింద నిప్పు కణకణలాడేది. కుంపటి ఉన్నంతసేపూ గది తలుపు మాత్రం పూర్తిగా మూయనిచ్చేది కాదు. బొగ్గు నుంచి వచ్చే రంగూ వాసనా లేని విషవాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్ అని ఆవిడకు తెలియదు గానీ, మూసిన గదిలో బొగ్గు ప్రాణం తీస్తుందని తెలుసు. అమెరికాలో బొగ్గు ఫర్నేసులున్న రోజుల్లో బేస్‌మెంట్‌లో జరిగిందీ ఇదే. రాత్రి నిప్పుమీద బూడిద కప్పడం, తెల్లవారకముందే ఎవరో ఒకరు దిగి బూడిద దులిపి బొగ్గు వేయడం.

మనిషి బదులు వస్తువును కాపలా పెట్టాలన్న ఆలోచన పాతదే. 17వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఉన్న కోర్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చివాడు, కోడిగుడ్లు పొదిగే పెట్టెలో వేడి ఎక్కువైతే గాలిదారి తనంత తానే మూసుకునే ఏర్పాటు చేశాడు. ఇళ్ల దాకా రావడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఒకటుండేది. చలికాలంలో అక్కడి బంట్రోతు ఒక్కో తరగతిలోకీ వచ్చి, చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూసుకుని, బేస్‌మెంట్‌లోకి దిగి ఫర్నేస్ గాలి తలుపులు సర్దేవాడు. పాఠం మధ్యలో ఈ రాకపోకలు వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడికి ఇబ్బందిగా ఉండేవి. గది వేడి మారగానే కింద గంట మోగే విద్యుత్ పరికరం తయారుచేసి 1883లో పేటెంటు పొందాడు. ఇక్కడ నాకు నచ్చింది, బంట్రోతు ఉద్యోగం అలాగే ఉంది. మెట్లెక్కే బాధ మాత్రం తప్పింది.

మెట్లు దిగే బాధను తప్పించినవాడు ఆల్బర్ట్ బట్జ్. అదీ మా అమ్మాయి ఉండే మిన్నియాపోలిస్‌లోనే, 1885లో. గది చల్లబడగానే కరెంటు కలుస్తుంది, ఒక అడ్డు తొలగుతుంది, చిన్న మోటారు అరచుట్టు తిరిగి గొలుసు లాగుతుంది, కింద ఫర్నేస్ గాలి తలుపు తెరుచుకుంటుంది. గాలి తగిలిన బొగ్గు రాజుకుంటుంది. వెచ్చబడ్డాక మరో అరచుట్టు, తలుపు మూత. మా అమ్మమ్మ విసనకర్ర పని గొలుసు చేసిందన్నమాట. బట్జ్ ఆలోచన మీద లేచిన కంపెనీ, ఇండియానాలో మార్క్ హనీవెల్ పెట్టిన కంపెనీతో 1927లో కలిసింది. అమెరికా ఇళ్ల గోడల మీద కనిపించే గుండ్రటి థర్మోస్టాట్ ఆ కంపెనీదే. 1953లో వచ్చింది, రూపం దిద్దింది హెన్రీ డ్రేఫస్.

ఇక గ్యాసు. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఉండే ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ, గ్యాసుతో నడిచే ఫర్నేస్‌కు 1919లో పేటెంటు తీసుకుంది. వేర్వేరు బర్నర్ల నుంచి ఇంటి వేర్వేరు భాగాలకు వేడిగాలి పంపవచ్చన్నది ఆమె ఊహ. ఆ నమూనా మార్కెట్లోకి రాలేదు. ఈ రోజు అదే రాష్ట్రంలో మనవాళ్లు మేడ మీద ఒక వేడి, కింద ఒక వేడి పెట్టుకుంటున్నప్పుడు ఆమె పేరు ఒక్కసారైనా తలుచుకోవాలి.

గ్యాసు రాకతో భయం తారుమారైంది. కాపలా లేని బొగ్గు చల్లారి ఊరుకుంటుంది. మంట లేకుండా వదిలిన గ్యాసు ఇల్లంతా నిండుతుంది. అందుకని మంట ఉందా లేదా అని చూసే కన్ను కావలసి వచ్చింది. రెండు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుంది. ఆ ప్రభావాన్ని 1821లో బెర్లిన్‌లో థామస్ సీబెక్ గమనించాడు. ఆ అతుకును ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంటలో పెట్టారు. పుట్టేది సుమారు 30 మిల్లీవోల్టులే అయినా గ్యాసు వాల్వును పట్టి ఉంచడానికి చాలు. మంట ఆరితే అతుకు చల్లబడి వాల్వు మూసుకుంటుంది.

ఇప్పటి ఫర్నేసుల్లో పైలట్ లేదు. మంటలోకి చాచిన పెన్సిల్ కన్నా సన్నటి ఒక లోహపు కడ్డీ ఉంటుంది. మంట గుండా కరెంటు పారుతుంది, అదీ ఒకవైపుకే ఎక్కువగా. కొద్ది మైక్రోఆంపులు. అవి అందకపోతే బోర్డు కొన్ని సెకన్లలోనే గ్యాసు కట్టేస్తుంది.

ఆ రాత్రి అల్లుడు ముందు మిగతావి చూశాడు. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే లోపల వేడెక్కి ఆగిపోతుంది. అది బాగానే ఉంది. గోడ బయటి ప్లాస్టిక్ గొట్టాల నోళ్లకు మంచు అడ్డుపడలేదు. ఫర్నేస్‌లో ఊరే నీరు బయటికి పోయే గొట్టం గడ్డకట్టలేదు. ఇలాంటి వేళ ఏదో ఒక స్విచ్చిని వైరుతో దాటవేసి నడిపించేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు, అది ఇంట్లో నిద్రపోతున్న వాళ్ల కాపలాను తీసేయడమే. గ్యాసు వాసన వస్తే మాత్రం ఇవేవీ చూడకుండా అందరూ ఇంట్లోంచి బయటికి వెళ్లి, అక్కణ్నుంచి ఫోను చేయాలి.

చివరికి ఫర్నేస్ తలుపు లోపలి కాగితంలో మినుకుల లెక్క చూశాడు. మంట కనిపించడం లేదని అర్థం. కరెంటు ఆపి, గ్యాసు కట్టి, ఒక్క స్క్రూ తీసి కడ్డీని బయటికి లాగాడు. టార్చి వెలుతురులో చూస్తే దాని మీద పలచగా, తెల్లగా ఒక పొర. ఈసారి నివురు కప్పింది నిప్పును చూసే కంటిని. వంటింట్లోంచి కొత్త స్టీల్ పీచు తెచ్చిచ్చాను. నిమిషం సేపు మెల్లగా రుద్దితే లోహం మెరిసింది. పొడిగుడ్డతో తుడిచి బిగించాడు.

ఫ్యాను తిరిగింది. ఇగ్నైటర్ ఎర్రబడింది. మంట అంటుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి పది దాకా లెక్కపెట్టాం. తర్వాత ఇరవై దాకా. రేకు గొట్టాలు వేడికి టకటకమంటూ సాగుతుంటే, బాబు ఆ చప్పుడుకి కదిలి మళ్లీ పడుకున్నాడని అమ్మాయి మెట్ల పైనుంచి చెప్పింది.