సంఘమంటే ఎవరు?

సంస్కృతంలో 'సం' ఉపసర్గ, 'హన్' ధాతువు కలిసి 'సంఘ' అయింది. దగ్గరగా కూడిన సమూహమని అర్థం. బౌద్ధులు భిక్షువుల సమూహాన్ని ఈ పేరుతోనే పిలిచారు. నదులు కలిసే సంగమం వేరే మాట, దాని ధాతువు 'గమ్'.

డోర్నకల్ వైపు క్రైస్తవులకు సంఘమంటే గుడిలో కూడే జనం. 1912లో అక్కడి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత నాదేనని పలికించేవారు. ఎవరూ వినేవాళ్ళుగానే మిగిలిపోకూడదని ఆయన పట్టుదల. వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు సంఘం కోసం పక్కన పెట్టే అలవాటూ ఆ ఊళ్ళలో ఉండేది. కూలి చేసుకు బతికే ఇల్లాలికి అది చిన్న విషయమేమీ కాదు. ఆ పిడికెడుతో సంఘం ఆమె సొంతమైంది.

1940లలో తెలంగాణ పల్లెల్లో 'సంగం' అంటే ఆంధ్రమహాసభ. వెట్టిని, దొరలను ఎదిరించినవాళ్ళు 'సంగపోళ్ళు'. ఒత్తు పోయింది, మాటకు బలం పెరిగింది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లో 'సంఘం రేడియో' మొదలుపెట్టి తమ విత్తనాల గురించి, పంటల గురించి తామే మాట్లాడారు.

మీ ఊళ్ళో ఏ సంఘమున్నా సరే, ఈసారి కూడినప్పుడు ఇంతవరకు నోరు విప్పనివాళ్ళను ముందుగా మాట్లాడమనండి.