స్మారక కంకణాలు (వియత్నాం యుద్ధం)

వియత్నాం యుద్ధంలో బందీలైన, ఆచూకీ తెలియకుండా పోయిన అమెరికా సైనికుల పేర్లు చెక్కి పౌరులు ముంజేతికి తొడుక్కున్న లోహపు పట్టీలే స్మారక కంకణాలు. ఒక్కో దానిపై ఒక్కరి పేరు, హోదా, గల్లంతైన తేదీ ఉండేవి. ఆ మనిషి తిరిగి వచ్చేదాకా, లేదా ఆయన అవశేషాలైనా స్వదేశం చేరేదాకా కంకణం తీయబోమన్నది తొడుక్కున్నవారి ప్రతిన. ఉత్తర వియత్నాంకు చిక్కినవారిలో అత్యధికులు కూలిన విమానాల పైలట్లు, సిబ్బందే. అందుకే ఈ ఉద్యమంలో మొదటినుంచీ వైమానికుల కుటుంబాలు ముందు నిలిచాయి. ఆ ప్రతినలోని రెండు షరతుల్లో మొదటిది బందీలు ఇంకా బతికే ఉన్నారన్న వదంతులకు ఊతమైతే, రెండోది కాలపరీక్షకు నిలిచింది.

1969 చివర్లో టీవీ వ్యాఖ్యాత రాబర్ట్ డోర్నన్ లాస్ ఏంజిలిస్‌లోని ‘వివా’ విద్యార్థి సంఘానికి గల్లంతైన పైలట్ల భార్యలను పరిచయం చేశారు. వియత్నాం కొండజాతివారి నుంచి తెచ్చుకున్న కడియం ఒకటి ఆయన చేతికి ఉండేది. దాన్ని చూసిన కరోల్ బేట్స్, కే హంటర్ అనే విద్యార్థినులకు పేర్లు చెక్కిన కంకణాల ఆలోచన వచ్చింది. విరాళంగా అందిన ఇత్తడి, రాగితో మొదట 1,200 చేయించి, 1970 నవంబరు 11న ప్రచారం ప్రారంభించారు. ధర రెండున్నర డాలర్లు. అప్పట్లో విద్యార్థుల సినిమా టికెట్టుకు అంతే అయ్యేది. ఉద్ధృతి మీదున్న రోజుల్లో రోజుకు 12,000 ఉత్తరాలు వచ్చేవి. మొత్తం పంపిణీ 50 లక్షల దాకా చేరింది. పేర్లు వేలల్లో, కంకణాలు లక్షల్లో ఉండటంతో, ఇంట్లోవారు తప్ప ఎవరూ తలవని ఒక్కో పేరు ముక్కూమొహం తెలియని వందలాది మంది చేతులపైకి ఎక్కింది.

నిక్సన్ ప్రభుత్వం యుద్ధాన్ని పొడిగించుకోవడానికి బందీల అంశాన్ని వాడుకుందని చరిత్రకారుడు హెచ్. బ్రూస్ ఫ్రాంక్లిన్ విమర్శించారు. బందీలను, గల్లంతైనవారిని ఒకే గాటన కట్టడం లేని ఆశలు రేపిందన్నది ఆయన వాదనలో భాగం. ఈ విమర్శను తోసిపుచ్చలేం. 1973లో 591 మంది బందీలు తిరిగొచ్చాక జాడ తేలనివారు 2,600 మందికి పైగా మిగిలారు. వారిలో దాదాపు సగం మంది చనిపోయారని, శవాలు మాత్రమే దొరకలేదని సైన్యానికి అప్పటికే తెలుసు. అయినా బతికున్న బందీలను దాచారన్న ప్రచారం ఏళ్లతరబడి సాగింది. దానికి బలమైన ఆధారం లేదని 1993లో సెనేట్ కమిటీ తేల్చింది. వియత్నామీయుల్లో గల్లంతైనవారు దాదాపు మూడు లక్షలు. కంకణాలపై వారి పేర్లకు చోటే లేదన్న అభ్యంతరమూ న్యాయమైనదే.

అయితే కంకణాల ఉద్యమం ప్రభుత్వ ప్రచారం మాత్రమే అయివుంటే యుద్ధంతోనే ముగిసిపోవాల్సింది. 1976లో వివా మూతపడినా బందీల, గల్లంతైనవారి కుటుంబాల సంఘం ఒత్తిడి ఆగలేదు. ఆన్ లాక్ వద్ద 1972లో కూలిన విమాన పైలట్ మైకేల్ బ్లాసీ అవశేషాలను 1984లో ఆర్లింగ్టన్‌లోని అజ్ఞాత సైనికుడి సమాధిలో ఉంచారు. కుటుంబం పట్టుబట్టడంతో 1998లో సమాధి తెరిచి, డీఎన్ఏ పరీక్షతో ఆయనేనని నిర్ధారించారు. ఆ ఘనత నేరుగా కంకణాలది కాదు. కానీ ప్రతి పేరుకూ ప్రభుత్వం విడిగా జవాబు చెప్పాలన్న పట్టుదలను ఇంటింటికీ చేర్చింది అవే. 1973 తర్వాత వెయ్యిమందికి పైగా అవశేషాలు గుర్తించి స్వదేశం చేర్చారు. 1,500 మందికి పైగా లెక్క ఇంకా తేలాల్సి ఉంది.