నడుమునకు విశ్రాంతియా, వ్యాయామమా?

నడుమునొప్పి మానవజాతికి క్రొత్తది కాదు. క్రీస్తుపూర్వము సుమారు 1600 నాటి ఈజిప్టు వైద్యగ్రంథమొకటి ఎడ్విన్ స్మిత్ పపైరస్ అను పేర నేటికిని నిలిచియున్నది. అందు 48 మంది రోగుల వృత్తాంతములు కలవు. కడపటివాడు వెన్ను బెణికినవాడు. కాళ్లు చాచి ముడువుమని వైద్యుడు చెప్పగా, చాచినంతనే బాధ కోర్వలేక ముడుచుకొనునట! అతనిని వెల్లకిల పరుండబెట్టవలయునని వ్రాసి, తరువాతి వాక్యము ముగియకుండగనే లేఖకుడు కలము నిలిపివేసెను. ఆ వాక్యమును పూరించుటకే తరువాతి వైద్యులందరును ప్రయత్నించిరన్నచో అతిశయోక్తి కాదు. మన చరకసంహితయు పిరుదులనుండి పాదముదాక దిగు బాధను గృధ్రసి యని పేర్కొని, ఎనుబది వాతరోగములలో చేర్చినది.

19వ శతాబ్దిలో ఆంగ్లవైద్యులు విశ్రాంతికి పట్టము గట్టిరి. లండను శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ 1863లో ప్రకటించిన ఉపన్యాసములలో విశ్రాంతియొక్క మహిమను చాటెను. లివర్‌పూలులో హ్యూ ఓవెన్ థామస్ ఎముకలకును కీళ్లకును దీర్ఘవిశ్రాంతిని విధించెను. విరిగిన యెముకకు హితమైన నియమమే నొచ్చిన నడుమునకును సంక్రమించెను. దినములకొలది మంచము దిగకుండుటయే చికిత్స యయ్యెను. కాని కూలిచేసి బ్రతుకువానికి మూడు వారముల మంచమనగా మూడు వారముల పస్తు. ఇల్లు నడపు ఇల్లాలికి అది సాధ్యమే కాదు. పైగా, కదలని కండరము క్షీణించును.

1934లో బోస్టను వైద్యులు మిక్స్‌టర్, బార్ అనువారు, వెన్నుపూసల నడుమనుండు మెత్తని బిళ్ల చిట్లి నరమును నొక్కుట వలన కాలిలోనికి బాధ దిగునని నిరూపించిరి. అందరి దృష్టియు ఆ బిళ్లమీదికి మరలెను. 1937లో అమెరికాలోని డల్లాసు నగరమున ఎముకల వైద్యుడు పాల్ విలియమ్స్ ఒక వాదమును లేవదీసెను. మనుష్యుడు నిటారుగా నిలుచుట వలన నడుము లోనికి వంగి, ఆ బిళ్లల వెనుక అంచుపై భారము పడుచున్నదని ఆయన తలచెను. వంపును తగ్గించుటకై కొన్ని వ్యాయామములు ఏర్పరచెను. అందు ప్రసిద్ధమైనది కటిని వాల్చు వ్యాయామము. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పాదములు నేల కానించి, పొట్టను బిగించి, నడుము క్రింది సందు మూసికొనునట్లు నేలకు అదుమవలయును. కొన్ని క్షణములు నిలిపి సడలింపవలయును. ఊపిరి బిగబట్టరాదు. దీనికి చాప తప్ప వేరు పరికరము అక్కరలేదు.

వంపే శత్రువన్న వాదము చాలకాలము చెల్లెను. అయితే 1956లో న్యూజిలాండులోని వెల్లింగ్టనులో ఒక వింత జరిగెను. రాబిన్ మెకెంజీ యను చికిత్సకుని యొద్దకు వచ్చిన రోగి యొకడు, తలవైపు ఎత్తుగా నున్న బల్లపై పొరపాటున బోర్ల పరుండి, వెన్ను వెనుకకు వంగియుండగా కొన్ని నిమిషములు గడపెను. బాధ పెరుగుటకు మారుగా తగ్గెను! విలియమ్స్ ముందునకు వంచుమనగా, మెకెంజీ వెనుకకు వంచుటకు ఒక పద్ధతినే కల్పించెను. ఇంతలో స్వీడను వైద్యుడు నాకెమ్సన్ బిళ్లలోనికి సూదిని దింపి ఒత్తిడిని కొలిచెను. పరుండి లేచి కూర్చుండు వ్యాయామము ఒత్తిడిని మిక్కిలి పెంచునని 1970 నాటికి తేలెను.

వాదములకన్న పరీక్షలు మేలు గదా! 1986లో టెక్సాసులో 203 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, ఏడు దినముల విశ్రాంతి రెండు దినముల విశ్రాంతికన్న మేలు చేయలేదని తెలిసెను. 1995లో హెల్సింకి నగరోద్యోగులు 186 మందిని మూడు తెగలుగా చేసి చూచిరి. మంచము పట్టినవారికన్నను, వ్యాయామము చేసినవారికన్నను, ఓర్వగలిగినంతలో నిత్యకృత్యములు సాగించినవారే త్వరగా కోలుకొనిరి.

అట్లని వ్యాయామము వ్యర్థమనరాదు. హెల్సింకి తీర్పు అప్పుడే పుట్టిన నొప్పికి చెందినది. నెలలతరబడి వేధించు నొప్పికి వ్యాయామక్రమము మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. విలియమ్స్ సిద్ధాంతము వీగిపోయినను, ఆయన చెప్పిన మృదువైన కదలిక నేటికిని వైద్యశాలలలో మిగిలియున్నది. ఏ వ్యాయామమైనను బాధను కాలిలోనికి దింపినచో మానవలయును. మూత్రము బిగియుట గాని వశము తప్పుట గాని, తొడల నడుమ స్పర్శ పోవుట గాని, కాలు చచ్చుబడుట గాని కలిగినచో గడియయైన జాగు చేయక వైద్యుని చేరవలయును. తక్కినవారికి చరిత్ర చెప్పు మాట ఒక్కటే: మంచమునకు బంధువులు కావలదు.