కూలి మాట కైతైన వైనం

కష్టజీవి గోడు తెలుగు కవిత్వంలోకి ఎప్పుడు ఎక్కిందని అడిగితే చాలామంది శ్రీశ్రీ పేరు చెబుతారు. నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ శిరివెళ్ల మెట్ట మీద నిలబడి చూస్తే ఆ జవాబు సగమే అనిపిస్తుంది. ఈ సీమలో దాని వేళ్లు బనగానపల్లె దాకా పోతాయి. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసిన పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య. పనిచేసేవాణ్ణి తక్కువ చేసింది కులమే గనుక వాళ్ల తత్వాలు ముందు కులాన్నే నిలదీశాయి. బడి మొహం చూడనివాళ్ల నోళ్లలోనే అవి ఇన్నాళ్లూ బతికాయి.

తర్వాత 1846. కుంఫిణీవాళ్లు తమ మాన్యాలు ఊడబెరికితే ఊరి కాపలా చూసే కట్టుబడివాళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట తిరుగుబాటుకు నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. ఆ కథను పుస్తకాల కంటే ముందు దాచుకున్నది జనం పాటే.

అచ్చులో రాయలసీమ కూలివాణ్ణి కావ్యనాయకుణ్ణి చేసింది విద్వాన్ విశ్వం. 1956 నాటి ‘పెన్నేటి పాట’లో రంగడు కలిగిన ఇంట పుట్టి కూలికి దిగినవాడు. అతని పక్కన భార్య గంగమ్మ. ఆ ఇద్దరి ఆకలి చదివాక కరువును వానదేవుడి మీదికి నెట్టేసి ఊరుకోలేం. నా మట్టుకు సీమ కైతల్లో అంత నిజాయితీ గలది మరొకటి లేదు.

అప్పటికే 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది, 1950లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకమైంది. తాజ్‌మహల్‌కు రాళ్లు మోసిందెవరని అందులో ఆయన అడిగాడు. ఆ పుస్తకానికి ముందే, 1935లో, జర్మన్ కవి బ్రెహ్ట్ కూడా థీబ్స్ నగరం కట్టిందెవరని అడిగాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేచోట ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఉలి దెబ్బకు లేచిన రాతిపొడి చెక్కేవాళ్ల కనురెప్పల మీద పేరుకుంటుంది. గుడిలో పలక మీద దాత పేరు ఉంటుంది, చెక్కినవాడి పేరు చాలాచోట్ల ఉండదు.

పాట కట్టినవాళ్ల పేర్లు కూడా అలా పోకుండా, శిరివెళ్ల చుట్టుపక్కల నాట్లలో, కలుపులో పాడే ఆడవాళ్లు మీకు తెలిసి ఉంటే వాళ్ల పాటలు ఫోనులోనైనా రికార్డు చేయండి. పాడినావిడ ఒప్పుకుంటే ఆమె పేరు, ఊరు తప్పకుండా రాసిపెట్టండి.