నాగు విత్తనంతో మొదలైన బీఎండబ్ల్యూ



బీఎండబ్ల్యూ కారు కనబడితే తల తిప్పి చూడనోళ్ళు ఉండరు. మరి ఆ కంపెనీ మొట్టమొదట అమ్మిన కారు వాళ్ళ సొంతం కాదంటే నమ్ముతారా? ఇంగ్లాండు నుంచి అరువు తెచ్చుకున్న చిన్న బండి అది. ఆ కథ కాస్త ఓపిగ్గా చదవండి.

బండి పేరు ఆస్టిన్ సెవెన్. 1921లో ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో మునిగింది. యజమాని హెర్బర్ట్ ఆస్టిన్ చిన్న కారు చేద్దామంటే కంపెనీలో పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన ఊరుకోలేదు. స్టాన్లీ ఎడ్జ్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి ఇంటికి పిలిపించుకుని, బిలియర్డ్స్ గదిలో కూర్చుని నమూనా గీయించాడు. 1922లో బండి బయటికొచ్చింది. నాలుగు సిలిండర్లు, దాదాపు 750 సీసీ ఇంజను. అంటే ఇవాళ్టి పెద్ద మోటారు సైకిలు ఇంజనంత. మోటారు సైకిలుకి తొట్టి తగిలించుకుని పెళ్ళాం బిడ్డల్ని తిప్పే సామాన్యుడికి అది నిజమైన కారు. 1939 దాకా 2 లక్షల 90 వేల వరకు చేశారు.

ఇక జర్మనీకి వద్దాం. ఐసెనాఖ్ ఊళ్ళో 1896లో పెట్టిన పాత ఫ్యాక్టరీ ఒకటుంది. వాళ్ళ కార్ల పేరు డిక్సీ. లాటిన్ భాషలో 'నేను చెప్పేశాను' అని అర్థమట. యుద్ధంలో ఓడి, 1923లో డబ్బుకి విలువ పోయి జనం చితికిపోయి ఉన్నారు. పెద్ద కార్లు కొనేవాడు లేడు. అందుకని డిక్సీ వాళ్ళు 1927లో ఆస్టిన్ దగ్గర లైసెన్సు తీసుకున్నారు.

లైసెన్సంటే ఏంటి? మన పెద్దోళ్ళు విత్తనం నాగుకి తెచ్చుకునేవాళ్ళు గదా, పంటొచ్చాక తీసుకున్నదానికి కొంత కలిపి తిరిగి కొలిచేవాళ్ళు. ఇదీ అంతే. నమూనా వాళ్ళది, చేసేది వీళ్ళు, రుసుము వాళ్ళకి. జర్మనీలో బండి కుడిపక్కన నడుస్తుంది కాబట్టి స్టీరింగు ఎడమకి మార్చారు. బోల్టులు మిల్లీమీటర్ల కొలతకి మార్చారు. మిగతాదంతా ఇంచుమించు ఆస్టినే. దాదాపు 9 వేల బండ్లు చేశారు.

బండి బాగానే పోయింది. కానీ పాత అప్పులు డిక్సీని వదల్లేదు. 1928లో ఫ్యాక్టరీని బీఎండబ్ల్యూకి అమ్మేశారు. విమానాల ఇంజన్లతో పుట్టిన కంపెనీ అది. యుద్ధం తర్వాత ఒప్పందం ఆ పనికి అడ్డుపడితే మోటారు సైకిళ్ళు చేస్తూ బతికింది. ఫ్యాక్టరీతో పాటు లైసెన్సూ చేతికొచ్చింది. 1929 నుంచి అదే బండి బీఎండబ్ల్యూ పేరుతో వచ్చింది. 'చెప్పేశాను' అన్న పేరే మాయమైంది. నాగు తెచ్చినోడు ఒకడు, గాదె నిండింది ఇంకొకడిది.

అయితే బీఎండబ్ల్యూ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. బెర్లిన్‌లో ఇనుప బాడీ చేయించారు, బ్రేకులు బాగు చేశారు. మూడేళ్ళలో దాదాపు 16 వేలు చేసి పని నేర్చుకున్నారు. 1932లో ఆస్టిన్ లైసెన్సు వదిలేసి సొంత బండి దింపారు. మరుసటేడు ఆరు సిలిండర్ల కారు తెచ్చారు. ముందువైపు రెండు మూత్రపిండాల్లాంటి జాలీ వచ్చింది దానితోనే. ఈరోజుకీ అదే వాళ్ళ గుర్తు.

మన ట్రాక్టర్ల కథా ఇలాంటిదే. హెచ్‌ఎంటీ చెకోస్లొవేకియా జీటర్ సాయంతో మొదలైంది, మహీంద్రా అమెరికా కంపెనీ సాయంతో. 1974లో వచ్చిన స్వరాజ్ మాత్రం మన దుర్గాపూర్ ఇంజనీర్ల సొంత నమూనా.

నాకర్థమైంది ఒక్కటే. నాగు తెచ్చుకోవడం నామోషీ కాదు. కానీ ఆ పంటలోంచి నాలుగు మంచి కంకులు ఏరి మన విత్తనం మనం కట్టుకోవాలి. లేకపోతే ఏటేటా ఇంకొకడి గుమ్మం ముందు నిలబడటమే. ఇవాళ సంచి విత్తనం కొనే మనకి ఆ సంగతి వేరే చెప్పాలా?

మీ ఇంట్లో సొంత విత్తనం ఇంకా ఏదన్నా మిగిలుందా? ఉంటే కింద రాయండి.